అమ్మ వాడిన ప్లేట్లు మూడే మిగిలాయి, వాడాలా దాచాలా?

నీలి_అంచు

అందరికీ నమస్తే అండి. బయటివాళ్లకి చాలా చిన్న విషయంలా ఉంటుందేమో గానీ నాలుగు రోజుల నుంచి నాకు ఇదే ఆలోచన, ఇంట్లో చెప్పుకుంటే "ప్లేటే కదా" అంటున్నారు, అందుకని ఇక్కడ రాస్తున్నా. మా అమ్మ దగ్గర ఆరు పింగాణీ ప్లేట్లు ఉండేవి, తెల్లవి, అంచు చుట్టూ సన్నగా నీలి గీత, అంతే, ఇంకే డిజైనూ లేదు. చుట్టాలొచ్చినప్పుడు బయటికి తీసేవి కూడా కాదు, రోజూ మేం తిన్నవి అవే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అవే. వాటిల్లో ఒకదానికి అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిపోయి ఉంటుంది, అది ఎప్పుడూ అమ్మే తీసుకునేది, చేతికి గీసుకుంటుందని మా ఎవ్వరికీ పెట్టేది కాదు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఏం కావాలో తీసుకోవే అని అక్క అంది, నేను ఆ ప్లేట్లు తెచ్చుకున్నా. అప్పటికే నాలుగే ఉన్నాయి.

తెచ్చిన దగ్గర్నుంచీ, పెచ్చు ఊడినది తప్ప, రోజూ వాడుతూనే ఉన్నా. పోయిన ఆదివారం గిన్నెలు కడుగుతుంటే ఒకటి చేతిలోంచి జారి సింకు అంచుకి తగిలి మూడు ముక్కలైపోయింది. పెచ్చు ఊడినది కాదు, ఇంకోటి. నేను అక్కడే కింద కూర్చుండిపోయి ఏడ్చేశా, మా ఆయన పరిగెత్తుకొచ్చి చెయ్యి తెగిందేమో అని నా వేళ్లు చూశాడు. అమ్మ పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదండి, పనులన్నీ మీద పడి ఏడవడానికి టైమే లేకపోయింది. ముక్కలు న్యూస్‌పేపర్లో చుట్టి అలమర పైన పెట్టా, పారేయడానికి చెయ్యి రావట్లేదు.

ఇప్పుడు మూడు మిగిలాయి. మా ఆయన ఏమంటాడంటే రోజూ వాడుకోడానికి కొత్తవి కొందాం, వీటిని జాగ్రత్తగా దాచుకో, లేకపోతే ఒక్కోటీ పోతాయి, పోయినప్పుడల్లా నువ్విలా అయిపోతావు అని. నా మంచికే చెప్తున్నాడు, తెలుసు. కానీ అలమరలో పెట్టేస్తే ఇక అవి అమ్మ ప్లేట్లలా ఉండవేమో అనిపిస్తోంది, వాడదామంటే సింకు దగ్గర చేతులు వణుకుతున్నాయి. ఇంకో సంగతి, పెచ్చు ఊడినదానికి అంచు నుంచి మధ్యలోకి వెంట్రుకలా సన్నటి గీత కనిపిస్తోంది, ఇదివరకు ఉందో లేదో గుర్తు లేదు. అన్నిటి మీదా బూడిద రంగు గీతలున్నాయి, ఎంత తోమినా పోవు. ఇలాంటి వాటిల్లో తినొచ్చా అసలు? పగిలినదాన్ని అతికించి వాడుకోవచ్చా? వస్తువు మీద ఇంత మమకారం మామూలేనా, నేనే ఎక్కువ చేస్తున్నానా? మీలో ఎవరికైనా ఇలా జరిగితే ఏం చేశారో చెప్పండి.

మట్టి_చేతులు

మీరు ఎక్కువేం చెయ్యట్లేదండి. మమకారం సంగతి మిగతావాళ్లు నాకన్నా బాగా చెప్తారు, నేను మట్టి పని, పింగాణీ పని చేసేదాన్ని కాబట్టి ప్లేట్ల సంగతి చెప్తా.

ముందు ఆ వెంట్రుక గీత. పింగాణీ మీద గాజులాంటి పూత ఉంటుంది, గ్లేజు అంటాం. బట్టీలోంచి వచ్చి చల్లారేటప్పుడు లోపలి మట్టీ పైన గ్లేజూ రెండూ ముడుచుకుంటాయి, గ్లేజు ఎక్కువ ముడుచుకునే రకమైతే బిగుసుకుపోయి సన్నగా చిట్లుతుంది. ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా చిట్లుతుంది, ఎందుకంటే లోపలి మట్టి తేమ పీల్చుకుని కొద్దికొద్దిగా ఉబ్బుతుంది, పైనున్న గ్లేజు సాగదు కదా. ఈ రకం అయితే సాధారణంగా సాలెగూడులా వల వలగా కనిపిస్తుంది. మీరు చెప్పేది ఒక్కటే గీత, అదీ అంచు నుంచి లోపలికి వచ్చింది, పైగా పెచ్చు ఊడిన ప్లేటుకే ఉంది, కాబట్టి లోపల మట్టి దాకా బీటవారి ఉండొచ్చని నా అనుమానం.

తేల్చుకోడానికి సులువైన పద్ధతి ఉంది. ప్లేటుని మూడు వేళ్ల కొసల మీద నిలబెట్టండి (అంచు పట్టుకోకూడదు, పట్టుకుంటే మోగదు), వేలి గోటితోనో చెక్క గరిటె కాడతోనో అంచు మీద మెల్లగా తట్టండి. బాగున్న ప్లేటు గంటలా ఖంగుమంటుంది, మోత కాసేపు నిలుస్తుంది. బీటవారినది టక్కుమని ఊరుకుంటుంది. మూడూ పక్కపక్కన పెట్టుకుని తట్టి చూడండి, ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోతుంది. బీట ఉందని తేలితే అందులో తినడం మానెయ్యాలండి, ఆ సందులోకి తడీ జిడ్డూ దిగి క్రిములు చేరతాయి, కడిగినా లోపలికి చెయ్యి పోదు. వేడి తగిలితే ఏదో ఒకరోజు చేతిలోనే రెండుగా విడిపోతుంది. మైక్రోవేవ్ అసలే వద్దు.

పాత ప్లేట్లు కాబట్టి సీసం అనే విష లోహం గురించి కూడా చెప్పాలి. గ్లేజు తక్కువ వేడికే కరగాలని, నిగనిగలాడాలని ఒకప్పుడు సీసం కలిపేవాళ్లు, ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లో కాడ్మియం అనే ఇంకో విష లోహం వాడేవాళ్లు. పులుపు తగిలినా, వేడిగా ఉన్నా, ఎక్కువసేపు నిలవుంచినా అవి తిండిలోకి ఎక్కువ దిగుతాయి. మీ నీలి గీత మీద కళ్లు మూసుకుని వేలు పెట్టి చూడండి, గాజు కింద ఉన్నట్టు నున్నగా ఉంటే గ్లేజు కింద వేసిన రంగు అయ్యుంటుంది, చేతికి ఉబ్బెత్తుగా తగిలితే పైన వేసింది, అరిగేది ఆ రకం. ఇంట్లో పూసి చూసే కిట్లు ఉన్నాయి గానీ తిండిలోకి ఎంత దిగుతోందో అవి చెప్పలేవు, దానికి ల్యాబే కావాలి. పిల్లలున్న ఇల్లయితే ఒక్కసారి ల్యాబులో చూపించేసుకోండి, ఆ భయం పోతుంది.

బూడిద గీతలకి మాత్రం కంగారు పడకండి, చాలాసార్లు అవి ప్లేటుకి పడిన గీతలే కావు. గ్లేజు గట్టిది, దాని మీద రాసుకున్నప్పుడు అరిగేది స్టీలు చెంచా. ఆ లోహమే సన్నగా ప్లేటుకి అంటుకుంటుంది, పలక మీద బలపం గీసినట్టు. సబ్బుకి పోదు, వంటసోడా ముద్దలా చేసి రుద్దినా, ఆక్సాలిక్ ఆమ్లం ఉన్న క్లీనింగ్ పొడి పెట్టినా చాలావరకు పోతుంది.

రెండో_షెల్ఫు

దాచొద్దండి. నేను దాచి చూశా, అందుకే చెప్తున్నా.

మా నాన్నది స్టీలు గ్లాసు ఒకటి ఉంది, నడుం దగ్గర బొటనవేలు పట్టేంత సొట్ట. ఎప్పుడు పడిందో ఎవరికీ తెలీదు. నాన్న నీళ్లు తాగేటప్పుడు బొటనవేలు సరిగ్గా ఆ సొట్టలో పెట్టి పట్టుకునేవాడు, ఇంకే గ్లాసులో ఇచ్చినా ఇది కాదురా అది తే అనేవాడు. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోకూడదని దాన్ని గుడ్డలో చుట్టి అలమర రెండో షెల్ఫులో పెట్టేశా. ఏడేళ్లు అక్కడే ఉంది. ఇల్లు మారేటప్పుడు బయటికి తీస్తే గ్లాసుకి ఏమీ కాలేదు, మెరుస్తూనే ఉంది, నాకే ఏమీ అనిపించలేదు. చేతిలో పట్టుకుని అట్టపెట్టెల మధ్య నిలబడి ఎదురుచూశా, నాన్న మొహమో గొంతో ఏదో ఒకటి గుర్తొస్తుంది కదా అని. రాలేదు. ఒట్టి గ్లాసు. ఆ రోజు నాకు ఎంత భయమేసిందో చెప్పలేను, నాన్నని రెండోసారి పోగొట్టుకున్నట్టే అనిపించింది.

అప్పట్నుంచి మంచినీళ్లు అందులోనే తాగుతున్నా. వెంటనే ఏం జరగలేదు, రెండు మూడు నెలలు పట్టింది అనుకుంటా, ఒకరోజు ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ చూసుకుంటే నా బొటనవేలు ఆ సొట్టలో ఉంది. కావాలని పెట్టలేదు నేను, అదే వెళ్లింది. ఆ తర్వాత నెమ్మదిగా అన్నీ వచ్చాయి, నీళ్లు తాగి గ్లాసు బోర్లించేవాడు, ఆ చప్పుడు కూడా.

నాది స్టీలు కాబట్టి పగిలే భయం లేదు, ఆ మాట ఒప్పుకుంటా. స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం ఉంటుంది, గాలి తగిలితే కంటికి ఆననంత పల్చటి పొర కడుతుంది, గీత పడినా మళ్లీ తనంతట తనే పొర కట్టేసుకుంటుంది, అందుకే అంత తొందరగా తుప్పు పట్టదు. కొన్నిటి అడుగున 18/8 అని కొట్టి ఉంటుంది చూడండి, 18 శాతం క్రోమియం 8 శాతం నికెల్ అని దానర్థం. పింగాణీ అలా కాదు, పోతే పోయినట్టే. అయినా సరే వాడమనే నేను చెప్తా. బాగున్న రెండూ వాడండి.

చాక్‌పీసు

మామూలేనా అని అడిగారు కదా, నేను సైకాలజీ పాఠాలు చెప్తాను, నాకు తెలిసింది రాస్తా.

ఈ వస్తువుల మమకారం మీద బాగా పేరున్న ప్రయోగం జరిగింది కూడా కప్పులతోనే. డేనియల్ కానెమన్, జాక్ క్నెట్ష్, రిచర్డ్ థేలర్ అని ముగ్గురు పరిశోధకులు 1990లో అచ్చు వేయించారు. కార్నెల్ యూనివర్సిటీ స్టూడెంట్లలో సగం మందికి ఒక్కో కాఫీ మగ్గు ఇచ్చేశారు, మిగతా సగానికి ఇవ్వలేదు. ఇప్పుడు అమ్ముతారా ఎంతకి అని వీళ్లనీ, కొంటారా ఎంతకి అని వాళ్లనీ అడిగారు. మగ్గు చేతికొచ్చినవాళ్లు అడిగిన రేటు కొనేవాళ్లు ఇస్తామన్న దానికి దాదాపు రెట్టింపు ఉంది. అదే మగ్గు, కొద్దిసేపటి క్రితం ఎవరిదీ కాదు, నాది అనుకోగానే దాని విలువ మారిపోయింది. ఆ కొద్దిసేపటికే అలా అయితే ఊహ తెలిసినప్పటి నుంచి రోజూ చేతిలో ఉన్న ప్లేటు సంగతి వేరే చెప్పాలా.

అయితే మీ విషయానికి ఆ ప్రయోగం సగమే సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు ఏ రేటుకీ అమ్మరు. ఇంకొక మాట దగ్గరగా ఉంటుంది, రసెల్ బెల్క్ అనే ఆయన 1988లో రాసిన వ్యాసం, మన వస్తువులు మనకి బయట ఉన్నవి కావు, "నేను" అని మనం అనుకునే దాంట్లో అవీ భాగమే అని వాదించాడు. నాకు ఎదురైనంతలో కూడా అంతే, మనుషులు నగలు పోయినప్పటికన్నా రోజూ వాడే గిన్నె పోయినప్పుడు ఎక్కువ కుదేలవడం చూశా. నగ ఏడాదికి నాలుగుసార్లు బయటికొస్తుంది, ప్లేటు రోజుకి రెండుసార్లు. చెయ్యి దాని బరువు నేర్చుకుంటుంది, ఎక్కడ పట్టుకోవాలో, ఎంత వంచితే జారుతుందో మనసుకన్నా చేతికి ఎక్కువ తెలుసు. పైనెవరో బొటనవేలు గురించి రాశారు చూడండి, దాని కన్నా బాగా నేను చెప్పలేను.

ఇంకొక్క మాట, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారు పోయినప్పుడు ఏడవడానికి టైం లేకపోయిందని మీరే రాశారు. సింకు దగ్గర వచ్చిన ఏడుపు ప్లేటు ఒక్కదానికే కాదేమో. అది బయటికి రావడం మంచిదే. మీ ఆయనకి ఇదే మాట చెప్పి చూడండి, మళ్లీ ఏడుస్తుందేమో అన్న భయంతో ఆయన ప్లేట్లు దాచమంటున్నాడు, ఏడవడం అంత భయపడాల్సింది కాదని తెలిస్తే ఆయనకీ తేలికవుతుంది.

ఖాళీ_అలమర

నేను కొంచెం వేరేగా చెప్తా, ఎవరూ నొచ్చుకోవద్దు. మూడు ప్లేట్లు కాబట్టి వాడమని అందరూ అంటున్నారు. నాకు అమ్మవీ, అత్తమ్మవీ, మా పెద్దమ్మవీ మూడిళ్ల సామాను వచ్చింది. పెట్టెలకి పెట్టెలు. ఏదీ వదలలేక ఐదేళ్లు ఒక గది మొత్తం వాటికే ఇచ్చేశా, పిల్లలు ఇద్దరూ ఒకే గదిలో సర్దుకున్నారు. ఒక రాత్రి ఆ గదిలో కూర్చుని ఏ చెంచా ఎవరిదో గుర్తు చేసుకుందామని చూశా, సగం వాటికి పేరు చెప్పలేకపోయా. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి నాకు, అన్నీ ఉంచుకోబట్టే ఏదీ గుర్తులేకుండా పోయింది.

నేను చేసింది చెప్తా. తెల్లగుడ్డ పరిచి ఒక్కోటీ దాని మీద పెట్టి ఫోటో తీశా, అడుగు కూడా తీశా, సొట్టలు, పెచ్చులు, మసి అన్నీ పడేలా. గుర్తున్నదేదో రెండు వాక్యాలు పక్కన రాశా. తర్వాత కావలసినవాళ్లకి ఇచ్చేశా. ఇది నా సొంత తెలివేం కాదు, 2017లో కొందరు పరిశోధకులు అమెరికాలో ఒక యూనివర్సిటీ హాస్టళ్లలో దీన్ని పరీక్షించారు, ఇష్టమైన వస్తువులు ఇచ్చేసే ముందు ఫోటో తీసుకోండి అని చెప్పిన చోట, ఊరికే ఇవ్వండి అన్న చోటికన్నా సుమారు 15 శాతం ఎక్కువ వస్తువులు వచ్చాయి. వస్తువు పోతుందని కాదు, దాంతో ఉన్న గుర్తు పోతుందని మనకి భయం, ఫోటో ఆ భయం కాస్త తీరుస్తుంది.

అన్నీ ఇవ్వలేదు నేను. అమ్మది ఒక చెంచా ఉంచుకున్నా, బరువుగా ఉంటుంది, కొన ఒక పక్కకి అరిగిపోయింది, అమ్మ ఎడమచేతి వాటం కాబట్టి ఆ పక్కకే అరిగింది. మిగతా ఏ చెంచాతో తిన్నా తిన్నట్టుండదు నాకు. ఇది మరీ పిచ్చి అనుకోవద్దు, బరువైన చెంచాలు ఫోర్కులు ఇస్తే అదే భోజనం జనానికి ఎక్కువ నచ్చిందని స్కాట్లాండ్‌లో ఒక హోటల్లో చేసిన ప్రయోగం ఉంది, ఆక్స్‌ఫర్డ్‌లో చార్లెస్ స్పెన్స్ అనే ఆయనా ఇంకొందరూ కలిసి 2015లో అచ్చు వేయించారు. నోటికి రుచి ఎంతో చేతికి బరువు కూడా అంతేనేమో.

నీలి అంచు గారూ, మీ ముక్కలకి ముందు ఒక ఫోటో తియ్యండి. పారేయాలా వద్దా అన్నది తర్వాత.

నీలి_అంచు

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, రెండుసార్లు చదివా, రెండోసారి మా ఆయనకి కూడా చదివి వినిపించా. బొటనవేలు దగ్గర ఆయన లేచి వెళ్లిపోయాడు, కాసేపటికి వచ్చి కూర్చున్నాడు, వాళ్ల నాన్నది ఏదీ ఉంచుకోలేదట ఆయన. నాకు ఇప్పటిదాకా తెలీదు.

ప్లేట్లు తట్టి చూశా. రెండు బ్రహ్మాండంగా మోగాయి, మా పాప ఇంకోసారి ఇంకోసారి అని అడిగింది. పెచ్చు ఊడినది, అంటే అమ్మ ప్లేటు, టక్కుమని ఆగిపోయింది. మూడుసార్లు తట్టా. వేళ్లు సరిగ్గా పెట్టలేదేమో అని పాప చేత కూడా తట్టించా. అదే చప్పుడు. సరే, అందులో తినకూడదని అర్థమైంది గానీ మనసుకి పట్టడానికి ఇంకా టైం పడుతుంది. నీలి గీత మీద వేలు పెడితే నున్నగా ఉంది, అయినా పాప ఉంది కాబట్టి బాగున్న వాటిల్లో ఒకటి ల్యాబుకి ఇచ్చా, ఇంకా రిపోర్టు రాలేదు, అప్పటిదాకా దేంట్లోనూ తినట్లేదు.

ముక్కలకి ఫోటో తీశా. మూడు ముక్కలూ దగ్గర పెడితే సరిగ్గా కలుస్తున్నాయండి, ఒక్క నలుసు కూడా తగ్గలేదు. ఇంత బాగా కలుస్తుంటే అతికించకుండా ఉండలేను. ఏ జిగురు వాడాలి? బంగారం పూసి అతికించే పద్ధతి వీడియోల్లో చూశా, అది చేస్తే అందులో తినొచ్చా?

మట్టి_చేతులు

అతికించుకోండి, తప్పకుండా. తినడానికి మాత్రం కాదు.

మీరు చూసింది జపాన్ వాళ్ల కింత్సుగి. అసలు పద్ధతిలో ఉరుషి అనే చెట్టు పాలతో అతికిస్తారు, అది ఎండితే గట్టిపడేది కాదు, గాలిలో తేమ ఉంటేనే గట్టిపడుతుంది, అందుకే తడి గాలి నిలిచేలా ఒక పెట్టెలో పెట్టి వారాల తరబడి ఉంచుతారు, ఒక్కో పొరా ఆరాక ఇంకో పొర, చివర్లో బంగారం పొడి. పూర్తిగా గట్టిపడిన ఉరుషి పూసిన గిన్నెల్లో వాళ్లు తరతరాలుగా తింటున్నారు. కానీ పచ్చి పాలు ఒంటికి తగిలితే ఘోరంగా దద్దుర్లొస్తాయి, చేతికి గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు, ఇంట్లో పాప ఉంది కాబట్టి నేర్చుకుని చెయ్యాల్సిన పని. మామూలుగా దొరికే కిట్లలో చాలావాటిలో ఉరుషి ఉండదు, ఎపాక్సీ జిగురూ బంగారు రంగు పొడీ ఉంటాయి. చూడ్డానికి అలాగే ఉంటుంది, తిండి తగిలే చోట వాడమని ఆ జిగురు మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప అందులో తినొద్దు. అసలుదైనా నకిలీదైనా మైక్రోవేవ్‌లో, డిష్‌వాషర్లో పెట్టకూడదు.

మీకు నేను చెప్పేది రెండు ట్యూబుల్లోది కలిపి వాడే ఎపాక్సీ జిగురు, నెమ్మదిగా గట్టిపడేది తీసుకోండి, ఐదు నిమిషాల రకం వద్దు, సరిచేసుకునే టైం ఉండదు. ముక్కల అంచులు స్పిరిట్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ముందు జిగురు లేకుండా ఒకసారి కలిపి చూసుకోండి, ఏ ముక్క ముందు ఏది తర్వాత అన్నది తేల్చుకోండి, వరస తప్పితే చివరి ముక్క దూరదు. జిగురు ఒక పక్కకే పల్చగా రాయాలి, ఎక్కువ రాస్తే అంచులు పైకి లేచి ఎప్పటికీ సరిగ్గా కూర్చోవు. టేపు అడ్డంగా వేసి బిగించి, ఇసుక పోసిన గిన్నెలో కదలకుండా నిలబెట్టి ఒక రోజంతా వదిలెయ్యండి.

ఒక సంగతి చెప్తా, నాకు చాలా ఇష్టమైనది. ఇంత గట్టి జిగుర్లు రాకముందు చైనాలోనూ యూరప్‌లోనూ పగిలిన పింగాణీకి సన్నటి రంధ్రాలు తొలిచి, బట్టలు కుట్టినట్టు లోహపు కొక్కేలు బిగించి కలిపేవాళ్లు. రంధ్రం అవతలి దాకా పోకూడదు, మధ్యలోనే ఆగాలి, ఎంత చెయ్యి తిరిగి ఉండాలో ఆలోచించండి. అలా కుట్టిన ప్లేట్లు మ్యూజియంలలో ఇప్పటికీ ఉన్నాయి. నేను ఒకటి చూశా, వెనక్కి తిప్పి పెట్టారు కొక్కేలు కనపడాలని, ముందు వైపు బొమ్మ కన్నా ఆ వెనక వైపే ఎక్కువసేపు చూస్తూ నిలబడ్డా. అప్పట్లో ఎవరో ఆ ప్లేటు లేకుండా ఉండలేకపోయారు కాబట్టే కదా.

బుజ్జి_గిన్నె

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మా వాడికి నాలుగేళ్లు, పచ్చ మెలమైన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) గిన్నె ఒకటి ఉంది, అందులో పెడితేనే తింటాడు. ఎక్కడికెళ్లినా మోసుకెళ్లాలి. మర్చిపోయి వెళ్తే ఆ పూట తిండి లేదు. మానిపించాలా అని అడుగుదామనుకుంటున్నా, ఈ చర్చ చూసి ఇక్కడే అడుగుతున్నా.

చాక్‌పీసు

మానిపించకండి. చిన్నపిల్లలు ఒక దుప్పటినో బొమ్మనో పట్టుకుని వదలకపోవడం మీద డొనాల్డ్ వినికాట్ అనే పిల్లల డాక్టరు 1950ల మొదట్లోనే రాశాడు, అమ్మ పక్కన లేనప్పుడు అమ్మకి బదులు ధైర్యం ఇచ్చేది అదే అని, పిల్లలు ఎదిగే క్రమంలో అది మామూలేనని. ఆయన రాసింది ఎక్కువగా మెత్తటి వస్తువుల గురించి గానీ గిన్నె అయినా నాకు తేడా కనపడట్లేదు. తనంతట తనే ఒకరోజు వదిలేస్తాడు. ఆ రోజు మీరు మాత్రం ఆ గిన్నె పారేయకండి.

మట్టి_చేతులు

బుజ్జి గిన్నె గారికి ఒక్క మాట, మెలమైన్‌ని మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, 70 డిగ్రీలు దాటిన వేడివి పొయ్యొద్దు, అందులోంచి మెలమైనూ ఫార్మాల్డిహైడూ అనే హాని చేసే రసాయనాలు తిండిలోకి దిగుతాయి, పులుపున్నవైతే ఇంకా. వేరేదాంట్లో వేడి చేసి, గోరువెచ్చగా అయ్యాక అందులో వెయ్యండి. పైన నునుపు పోయి గరుకుబారిందంటే తినడానికి ఆపేసి ఆడుకోడానికి ఇచ్చెయ్యండి.

నీలి_అంచు

మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలనిపించింది.

ల్యాబు రిపోర్టు వచ్చింది, సీసం పరిమితి లోపలే చాలా తక్కువగా ఉంది. ఆ రెండు ప్లేట్లూ ఆ పూట నుంచే వాడుతున్నాం. మేం ముగ్గురం, ప్లేట్లు రెండు, మూడోది వేరే ప్లేటు. ఎవరికి ఏది అని పాప వంతులు వేసింది, మా ఆయన తన వంతు వచ్చిన రోజు ఏమీ అనకుండా తిని, తనే కడిగి, తనే తుడిచి పెట్టాడు. సింకులో మందపాటి రబ్బరు మ్యాట్ వేశాం, అది ముందే ఎందుకు తోచలేదో. పగిలినదాన్ని అతికించా, వరస ఒకసారి తప్పింది, మళ్లీ విడదీసి పెట్టా, జిగురు గీతలు కనపడుతున్నాయి గానీ నిలబడింది. అక్క చూసి తనకి ఇవ్వమంది. ఇచ్చేశా. తనకీ అమ్మే కదా.

ఇక అమ్మ ప్లేటు. చాలా రోజులు టేబుల్ మీదే ఉంచి ఏం చెయ్యాలో తెలీక తిరిగా. చివరికి పొయ్యి పక్కన పెట్టా, వంట చేసేటప్పుడు గరిటె దింపుకోడానికి. ముందు దాని మీద ఒక చిన్న స్టీలు మూత పెట్టి ఆ మూతలో గరిటె పెడుతున్నా, తడి తగలకుండా. రోజుకి పదిసార్లు అటు చెయ్యి వెళ్తుంది. పెచ్చు ఊడిన వైపు నా వైపుకి ఉండేలా పెట్టుకుంటున్నా, పాపకి గీసుకోకుండా, అలా పెట్టుకున్నాక గానీ నాకు తట్టలేదు అమ్మ కూడా సరిగ్గా అందుకే అది తను తీసుకునేదని.

మట్టి చేతులు గారూ, మీరు చెప్పిన వంటసోడా ముద్ద కలుపుకుని అమ్మ ప్లేటు మీద బూడిద గీతలు తీసేద్దామని కూర్చున్నా. రెండు గీతలు పోయాయి కూడా. అప్పుడు మీ మాట గుర్తొచ్చింది, అరిగేది చెంచా, ఆ లోహమే ప్లేటుకి అంటుకుంటుంది అని. ఆ ప్లేటులో అమ్మ తప్ప ఎవరూ తినలేదండి. మిగతా ప్లేట్ల మీద మా అందరి గీతలూ కలిసిపోయి ఉంటాయి, దీని మీదున్నవి మాత్రం అన్నీ అమ్మ చెంచావే. ఎక్కువగా కుడి పక్కన, కింది వైపు, ఒకే వాలులో ఉన్నాయి, చెయ్యి అలా వెళ్లేదన్నమాట. సోడా ముద్ద తీసి పక్కన పెట్టేశా. ఇప్పుడు దాన్ని తడిగుడ్డతో మెల్లగా అద్ది వదిలేస్తున్నా, పీచు పెట్టి రుద్దొద్దని ఇంట్లో అందరికీ చెప్పా.